లోతు కొలిచేవాళ్ళు

ఆఫీసులో ఆమెను అందరూ జల్లెడ అంటారు. మొదట వెటకారంగా పెట్టిన పేరే, పోనుపోను బిరుదైపోయింది. ప్రభుత్వం ప్రజల కోసమని పెట్టి, ఆ సంగతి ప్రజలకు చెప్పడం మరిచిపోయిన పేజీలను వెతికి పట్టుకోవడం ఆమె ఉద్యోగం. ఏ శాఖ వెబ్‌సైటుకు వెళ్ళినా ముందు పెద్దవాళ్ళ ఫొటోలు, వాటి కింద పరుగులెత్తే అక్షరాలు, ఆ కింద తెరుచుకోని లింకులు. మామూలు మనుషులు అక్కడికే విసుగెత్తి వెనక్కి వచ్చేస్తారు. జల్లెడ మాత్రం అట్టడుగున "ఇతరములు" అని చీమ తలకాయంత అక్షరాల్లో రాసి ఉన్నచోట నొక్కుతుంది. అసలు సరుకంతా అక్కడే ఉంటుంది. అది తెలియని వాళ్ళంటే ఆమెకు చులకన. ఆ చులకనను దాచుకునే అలవాటు కూడా ఆమెకు లేదు.

ఆ సోమవారం ఆమె ముందుకొచ్చింది బట్టలకు రంగులద్దే ఫ్యాక్టరీ పని. ఫ్యాక్టరీకి ఇంకో మూడు లోతైన బోర్లు కావాలి. బోర్లు వేయాలంటే అనుమతి కావాలి. అనుమతి రావాలంటే అక్కడ భూమిలో నీళ్ళు దండిగా ఉన్నాయని ఎవరైనా రిపోర్టు రాసిపెట్టాలి. అలాంటివి రాసిపెట్టే కంపెనీ వీళ్ళది. శుక్రవారం విచారణ.

"నీళ్ళున్నాయో లేవో చూసి రాయమంటారా, ఉన్నాయని రాయమంటారా?" అని అడిగింది జల్లెడ.

"చూసి, ఉన్నాయని రాయి," అన్నాడు డైరెక్టరు.

డైరెక్టరుకు రిపోర్టులు చదివే అలవాటు లేదు. అచ్చయి వచ్చిన పుస్తకాన్ని అరచేతిలో పెట్టుకుని, దోసకాయ బేరమాడేవాడిలా రెండుసార్లు ఎగరేసి చూస్తాడు. బరువు సరిపోతే సంతకం పెడతాడు. సరిపోకపోతే "ఇంకో రెండు అనుబంధాలు తగిలించండి" అంటాడు. అంత చదువూ చదివి ఆయన నేర్చుకున్న విద్య అదొక్కటే అని జల్లెడ అభిప్రాయం.

భూగర్భ జలశాఖ పేజీలో "ఇతరములు" కింద "పాతవి" ఉన్నాయి. దాని కింద "పాతవి - కొత్త" అని ఒక ఫైలు ఉంది. ఆ పేరు పెట్టినవాడి తెలివికి ఒక నిట్టూర్పు విడిచి దాన్ని తెరిచింది. శాఖవాళ్ళు ఊళ్ళో కొన్ని బావులను ఎంచుకుని, వాటికి నంబర్లు వేసి, ఋతువు మారినప్పుడల్లా నీళ్ళు ఎంత లోతులో ఉన్నాయో టేపు వదిలి కొలుస్తారు. ఆ కొలతలే ఇవి. కాగితాలు వంకరగా ఫొటో తీసి పడేశారు, సగం తలకిందులుగా ఉన్నాయి. ఆమె మెడ పక్కకి వాల్చి, ఒక్కో అంకెనూ గట్టిగా చదువుకుంటూ టైపు చేసుకుంది. అంకె పెరిగితే నీళ్ళు అడుక్కు పోయినట్టు, తగ్గితే పైకొచ్చినట్టు. ఊరంతా అంకెలు పెరుగుతూనే ఉన్నాయి. ఒక్క ముప్పై ఒకటో నంబరు బావిలో మాత్రం రెండేళ్ళుగా మండువేసవిలో కూడా నీళ్ళు పైకొస్తున్నాయి. అక్షాంశ రేఖాంశాలు కొట్టి చూస్తే ఆ చుక్క ఫ్యాక్టరీ గోడకు కూతవేటు దూరంలో పడింది.

ఆమె కుర్చీలోంచి లేచి ఒళ్ళు విరుచుకుంది. ఈ ఫైలు సంగతి ఆ శాఖలో వాళ్ళకే తెలిసి ఉండదు. ఇక నీళ్ళు ఎందుకు పైకొస్తున్నాయో ఒక వాక్యం రాయాలి. ఆ పేటలో ఇంకుడు గుంతలు తవ్వించామని పురపాలక సంఘం ఎక్కడో చెప్పుకుంది. "ఇంకుడు గుంతల కార్యక్రమం సత్ఫలితాలనిస్తున్నట్లు గమనించడమైనది" అని రాసేసింది. గమనించిందెవరో ఎవరూ అడగరు.

డైరెక్టరు ఆ గ్రాఫు చూసి చంటిబిడ్డను చూసినట్టు మురిసిపోయాడు. "ముత్యంలాంటి బావి పట్టావమ్మా! అట్ట మీద దీని ఫొటో వేద్దాం. రేపు వెళ్ళి, నీళ్ళు నిండుగా కనబడేట్టు ఒకటి తీసుకురా."

సాయంత్రం ఇంటికి పోతూ పిన్నికి ఫోన్ చేసింది. వాళ్ళమ్మ చెల్లెలు. మూతపడ్డ మిల్లు క్వార్టర్లలో ఉంటూ బడిపిల్లల బట్టలు కుడుతుంది. క్వార్టర్లు ఆ ఫ్యాక్టరీకి అవతలి వైపు. నీళ్ళు రావట్లేదు, పెద్దవాళ్ళతో తిరిగేదానివి, ఎవరికైనా రాయవే అని నెల రోజులుగా పోరు పెడుతోంది.

"పిన్నీ, మీ వైపు నీళ్ళు పైకొస్తున్నాయట."

"ఎవరన్నారు?"

"ప్రభుత్వం లెక్కలో ఉంది. నేనే చూశాను. మీ బోరులోనే ఏదో లోపం ఉండి ఉంటుంది, మెకానిక్‌ని పిలిపించండి."

"అలాగా," అంది పిన్ని. "అయితే ఆ ప్రభుత్వాన్నే ఒకసారి వచ్చి మా ఇంట్లో స్నానం చేసి వెళ్ళమను." ఫోన్ పెట్టేసింది.

చదువు లేనివాళ్ళతో ఇదే చిక్కు, కళ్ళ ముందున్నదే లోకమనుకుంటారు అనుకుంది జల్లెడ.

*

మర్నాడు ఫోన్లో చుక్క చూసుకుంటూ బయలుదేరింది. ఫ్యాక్టరీ మురుగు కాలవ నీలంగా పారుతోంది. కాలవ దాటి, మిల్లు గోడ వెంట నడిచి, గోడ విరిగిన చోట లోపలికి తిరగమంది ఫోను. తిరిగింది. ఎదురుగా ఆరేసిన బట్టలు, ఒక పెద్ద పెరడు, చుట్టూ మూడంతస్తుల పెచ్చులూడిన మేడలు. ఎక్కడో చూసినట్టే ఉందనుకుంది. కిటికీలో పిన్ని కుట్టు మిషను కనబడేదాకా అది పిన్ని వాళ్ళ క్వార్టర్ల వెనక వైపని తట్టలేదు. ఎప్పుడొచ్చినా ముందు వాకిట్లోంచి వచ్చి, కాఫీ తాగి, అటునుంచి అటే పోవడం. పెరట్లోకి తొంగిచూసిన పాపాన పోలేదు.

పెరటి మధ్య బావి. బావి పక్కన నీళ్ళ ట్యాంకరు. ట్యాంకరు వెనకనుంచి మనిషి తొడంత లావు గొట్టం బావిలోకి వేలాడుతోంది. గొట్టాన్ని రెండు చేతులా వాటేసుకుని, చీర కుచ్చిళ్ళు పైకి దోపుకుని, కాలు గట్టుకు తన్నిపెట్టి నిలబడి ఉంది పిన్ని. లోపల నీళ్ళు హోరుమంటున్నాయి. బావి గట్టు మీద ఎవరిదో తడి దుప్పటి ఆరేసి ఉంది. దుప్పటి కింద నుంచి తెల్ల రంగులో ఒక అంకె సగం కనబడుతోంది. జల్లెడ దుప్పటి ఎత్తి చూసింది. ముప్పై ఒకటి.

"ఏం చేస్తున్నావ్ పిన్నీ?"

"కనబడట్లా? బావిలో నీళ్ళు పోస్తున్నా."

"ఎందుకు?"

"బావిలో నీళ్ళు లేవు కాబట్టి." పిన్ని గొట్టం మీద పట్టు మార్చుకుంది. "ట్యాంకరువాడు పది నిమిషాలు కూడా ఆగడు. ఇన్ని ఇళ్ళవాళ్ళం బకెట్లతో ఎంతని పడతాం? ఎండిపోయిన బావి ఊరికే ఉంది కదాని అడుగున సిమెంటు చేయించాం. వాడు ఇందులో ఒంపి పోతాడు, మేం మోటారు పెట్టి ఇళ్ళకు ఎక్కించుకుంటాం. రెండేళ్ళయింది. నీకు చెప్పాను కదే."

చెప్పే ఉంటుంది. పిన్ని మాట్లాడుతుంటే జల్లెడ ఫోన్ చూసుకుంటుంది.

"ఇక్కడికి కొలతలు తీయడానికి ఎవరైనా వస్తారా?"

"వస్తాడొకడు. టేపు వదుల్తాడు, రాసుకుంటాడు, పోతాడు. అయ్యా ఇవి బావి నీళ్ళు కావు అని చెప్పబోతే, అమ్మా నా టైము తినకండి అన్నాడు." అంతవరకు చెప్పి పిన్ని ఆగింది. ఆమె చూపు దుప్పటి ఎత్తిపట్టుకున్న జల్లెడ చేతి మీద పడింది, తర్వాత మెడలో వేలాడుతున్న ఆఫీసు కార్డు మీద పడింది. "నిన్న నువ్వు చెప్పిన పైకొచ్చిన నీళ్ళు ఇవేనా?"

జల్లెడ దుప్పటి వదిలేసి, కార్డును చేత్తో మూసుకుంది.

"ఆ ఫ్యాక్టరీవాడి కాగితాలు రాసేది మీ ఆఫీసేనా?"

"పిన్నీ, నాకు తెలీదు, నేను..."

"ఉన్న ఒక్క బోరూ పొద్దున కాసేపు సన్నగా పోస్తోంది. వాడు ఇంకో మూడు దించితే అదీ పోతుంది. అది పోతే ట్యాంకరు ఒక్కదాంతో బతకలేం, ఇళ్ళు వదిలి పోవాల్సిందే." పిన్ని గొంతు పెంచలేదు. అరిచినా బాగుండేది. "నీళ్ళు లేవని నోటితో చెప్తే నమ్మవు. నీ కంప్యూటరు ఒప్పుకుంటే గానీ మాకు దాహం వేసినట్టు కాదు."

ట్యాంకరు ఖాళీ అయింది. గొట్టం చుట్టి పెడుతూ డ్రైవరు, ఫొటో తీసుకుంటారా అని అడిగాడు, ఆమె చేతిలో ఫోన్ చూసి. జల్లెడ బావిలోకి వంగి చూసింది. నీళ్ళు నిండుగా, అట్ట మీదికి పనికొచ్చేట్టు, తళతళలాడుతున్నాయి. ఆమె ఫొటో తీయకుండానే ఫోన్ సంచిలో వేసుకుంది.

*

జలశాఖ ఇంజనీరు ఆమె చెప్పిందంతా విని, పళ్ళు కుట్టుకునే పుల్లను నోట్లో ఒక మూలనుంచి ఇంకో మూలకు మార్చాడు.

"మా పని లోతు కొలవడం. నీళ్ళు ఎక్కడివని బావిని అడగడం కాదు."

"కానీ అది తప్పు కొలత కదండీ."

"టేపు తప్పా? టేపు తప్పని రాసివ్వండి, మార్పిస్తాం."

ఆమె బల్లమీద గుద్దబోయి ఆపుకుంది. ఇతన్ని తిట్టే హక్కు తనకెక్కడిది? ఇతనైనా ఏడాదికి నాలుగుసార్లు మనిషిని బావి దాకా పంపిస్తున్నాడు. తను ఆపాటి కూడా వెళ్ళలేదు. ఇంకుడు గుంతలను ఏ కళ్ళతో గమనించింది?

డైరెక్టరు ఇంకా నయం, తలుపు వేసి మాట్లాడాడు.

"బావిలో నీళ్ళు పోయడం నువ్వు చూశావు. మనం చూడలేదు."

"నేనంటే మనం కాదా సార్?"

"జీతం తీసుకునేటప్పుడు మనం. ఇలాంటివి చూసేటప్పుడు నువ్వు." ఆయన అద్దాలు తీసి తుడుచుకున్నాడు. "చూడమ్మా, అది ప్రభుత్వం లెక్క. తప్పనడానికి మనమెవరం? ప్రభుత్వం మాటకు ప్రభుత్వమే ఎదురు చెప్పాలి."

జల్లెడ ఆ మాటను పట్టుకుంది. ఎంత మందబుద్ధి అయినా ఒక్కోసారి మనిషి నోటివెంట పనికొచ్చే మాట రాలుతుంది.

"అయితే ప్రభుత్వం లెక్కే ఇంకోటి దొరికితే చేర్చమంటారా?"

డైరెక్టరు బల్ల మీదున్న రిపోర్టు నకలును అరచేతిలో ఎగరేశాడు. పెదవి విరిచాడు. "చేర్చు, చేర్చు. తేలిగ్గానే ఉంది."

బుధవారమంతా ఆమె కుర్చీలోంచి లేవలేదు. ట్యాంకరు ఒకటి వచ్చిందంటే దాన్ని పంపినవాడు ఎక్కడో రాసుకునే ఉంటాడు. పురపాలక సంఘం పేజీలో నీటి సరఫరా కింద వెతికింది, అంతా ప్రారంభోత్సవాల ఫొటోలే. వాహనాల కింద చూసింది, చెత్త బండ్లు తప్ప ఏమీ లేవు. చివరికి ఫిర్యాదుల కింద దొరికింది. ట్యాంకరు డ్రైవర్లు దారిలో నీళ్ళు అమ్ముకుంటున్నారని ఎప్పుడో గొడవైతే, ప్రతి బండికీ ఒక యంత్రం బిగించారు. బండి ఎక్కడ ఆగింది, ఎక్కడ ఖాళీ అయింది, అన్నీ అది రాస్తుంది. గొడవ సద్దుమణిగింది, అధికారులు మారారు, అందరూ మరిచిపోయారు. యంత్రానికి మాత్రం ఆపమని ఎవరూ చెప్పలేదు.

ఆమె ఆ చుక్కలన్నీ దించుకుని ఊరి పటం మీద పరిచింది. మిల్లు క్వార్టర్ల పెరట్లో చుక్క మీద చుక్క పడి, చీమల పుట్టలా నల్లబడింది. పక్కన బావి కొలతలు పెట్టింది. ట్యాంకర్లు మొదలైన నెలలోనే నీళ్ళు పైకి రావడమూ మొదలైంది. కొలత తీసిన ప్రతిసారీ, ఆ రోజో ముందు రోజో అక్కడ ట్యాంకరు ఖాళీ అయింది. ఒక్క విశేషణం కూడా లేకుండా ఆ రెంటినీ ఒకే పేజీలో పెట్టి, "అనుబంధం తొమ్మిది: నీటి సరఫరా వాహనాల అదనపు సమాచారం" అని చూస్తేనే ఆవలింత వచ్చే పేరు పెట్టింది. తర్వాత ముందుకు వెళ్ళి ఇంకుడు గుంతల వాక్యాన్ని తుడిచేసింది.

గురువారం డైరెక్టరు పుస్తకాన్ని రెండుసార్లు ఎగరేసి, "ఇప్పుడు కుదిరింది" అని సంతకం పెట్టాడు.

*

విచారణ హాల్లో ముందు వరసలో ఫ్యాక్టరీ మేనేజరు, డైరెక్టరు, జలశాఖ ఇంజనీరు. వెనక బెంచీల మీద క్వార్టర్ల జనం. వేదిక మీద విచారణాధికారి. ఆయన ముందు సీలు వేసిన నీళ్ళ సీసాలు వరసగా నిలబెట్టి ఉన్నాయి. ఆయన ఒక్కటీ తాగలేదు, ఒక సీసాకున్న కాగితాన్ని మాత్రం గోటితో గీకుతూ కూర్చున్నాడు. తెర మీద బొమ్మలు మార్చే పని జల్లెడది. గ్రాఫు వేసింది. గీత పైకి ఎగబాకుతుంటే డైరెక్టరు దానితోపాటు చెయ్యి కూడా ఎత్తి చూపించాడు.

జనం తరఫున పిన్ని లేచింది. మాట్లాడేముందు పమిట చెంగుతో మొహం తుడుచుకుంది.

"మా దగ్గర నీళ్ళు లేవండీ."

"అమ్మా, ప్రభుత్వ కొలత ప్రకారం మీ బావి నిండుగా ఉంది," అన్నాడు అధికారి.

"నిండుగానే ఉందండీ. మేమే నింపాం."

ముందు వరస నవ్వింది. అధికారి కూడా నవ్వాడు. "నింపారనడానికి ఆధారం ఏమైనా ఉందా?"

"పోసింది నేనే కదండీ. ఈ చేతుల్తోనే గొట్టం పట్టుకున్నా." పిన్ని రెండు చేతులూ చాపింది. ఒరుసుకుపోయి అరచేతులు కమిలి ఉన్నాయి.

"చేతులు ఆధారం కిందికి రావమ్మా. కూర్చోండి."

ఆ మాటకు జల్లెడకు అరికాలి మంట నెత్తికెక్కింది. ఆ చేతులను ఆ హాల్లో ఒక్కడూ తల తిప్పి చూడలేదు. మొన్న సోమవారం దాకా తనూ చూడలేదు.

ఇక చాలించాలన్న తొందరలో డైరెక్టరు లేచాడు. "సార్, నోటి మాటలు మనకెందుకు? మా రిపోర్టులో ఒక్క అంకె కూడా మా సొంతం కాదు. అనుబంధాలన్నీ ప్రభుత్వంవారివే. ఏది కావాలన్నా తెరిచి చూసుకోవచ్చు."

"ట్యాంకర్ల లెక్క కూడా ఉందా ఏమిటి?" అన్నాడు అధికారి హాస్యానికి.

"తొమ్మిదో అనుబంధం సార్," అంది జల్లెడ.

"అన్నీ ఉన్నాయి సార్," అన్నాడు డైరెక్టరు గర్వంగా. "వెయ్యమ్మా."

వేసింది.

తెర మీద పటం, నల్లటి మచ్చ, పక్కనే తేదీల జంటలు. ఫ్యాక్టరీ మేనేజరు పెదవులు కదుపుతూ చదివాడు. డైరెక్టరు కూడా చదివాడు. తన రిపోర్టు తాను చదవడం ఆయనకదే మొదటిసారి, బాగా నెమ్మదిగా చదువుతాడని అప్పుడు తెలిసింది. చివరి వరసకు వచ్చేసరికి ఆయన మొహం పాలిపోయింది.

"ఇదెవరి లెక్క?" అన్నాడు అధికారి.

"పురపాలక సంఘంవారిది సార్."

"అది?"

"జలశాఖవారిది."

రెండు శాఖల మధ్య ఇరుక్కున్న అధికారి ఏం చేస్తాడో ఆయన అదే చేశాడు. ఎవరినీ తప్పుపట్టకుండా వాయిదా వేశాడు. ముప్పై ఒకటో బావి కొలతలు సందేహాస్పదంగా ఉన్నందున, మళ్ళీ కొలత తీసేవరకు బోర్లకు అనుమతి లేదన్నాడు. వెనక బెంచీలు చప్పట్లు కొట్టాయి. ఆయన చెయ్యెత్తి ఆపి మిగతా సగం చెప్పాడు. "కొలత సక్రమంగా రావాలి కాబట్టి, అంతవరకు ఆ బావిలో బయటి నీళ్ళు చుక్క కూడా పోయకూడదు. పోశారని తెలిస్తే కొలత చెల్లదు, పాతదే ఖాయం."

"మళ్ళీ కొలత ఎప్పుడండీ?" అని ఎవరో అడిగారు.

"ఋతువు మారాక," అన్నాడు ఇంజనీరు. "మా పద్ధతి ప్రకారం."

చప్పట్లు కొట్టిన చేతులు ఒడిలోకి జారాయి. పిన్ని మొదటినుంచీ చప్పట్లు కొట్టలేదు.

మెట్లు దిగుతూ డైరెక్టరు జల్లెడ పక్కన ఒక్క క్షణం ఆగాడు. "ఈసారి బరువెక్కువైంది. సోమవారంనుంచి రానక్కర్లేదు," అని, ఆమె మొహం చూడకుండానే కారెక్కాడు.

*

మర్నాడు ట్యాంకరు వచ్చేసరికి పెరట్లో బకెట్లు, డ్రమ్ములు, పిల్లల స్నానాల తొట్లు, రంగు డబ్బాలు, చివరికి ఒక కుక్కరు గిన్నె కూడా వరస కట్టి ఉన్నాయి. ఆ వరసలో రెండు బకెట్లతో జల్లెడ నిలబడి ఉంది. రమ్మని ఎవరూ పిలవలేదు. చేతులు ఊపుకుంటూ నిలబడటం కంటే నయమని పిన్ని పలకరించకుండానే బకెట్లు చేతికిచ్చింది.

బకెట్లలోకి పట్టే సన్న గొట్టానికి ధార తక్కువ. డ్రైవరు ఒక పక్క హారను కొడుతూనే ఉన్నాడు. ఒకావిడ తొట్టి నిండకుండానే ఇంకొకావిడ లాగేసింది, ఇద్దరూ జుట్లు పట్టుకునేదాకా వెళ్ళారు. మూడో అంతస్తు ముసలాయన డబ్బా దింపలేక పైనుంచి అరుస్తున్నాడు. వరస సగం కూడా కదలకముందే డ్రైవరు, ఇంక నాకు కుదరదు, ఇంకో పేట ఉంది అన్నాడు.

"ఇంకా సగం బండి ఉంది కదయ్యా!"

"పట్టడానికి మీ దగ్గరేం లేదు. రోజూలా బావిలో వదిలేస్తా, లాగండి గొట్టం."

ఎవరో అలవాటుకొద్దీ లావు గొట్టం లాగి గట్టు మీద పడేశారు. జల్లెడ అప్పుడే నింపుకున్న బకెట్లు వదిలేసి పరిగెత్తింది; ఒకటి ఒలికిపోయింది. గొట్టం మూతికి రెండు చేతులూ అడ్డం పెట్టింది. "వద్దు! బావిలో వద్దు! ఒక్క చుక్క పడినా పాత లెక్కే ఖాయమైపోతుంది!"

"నీళ్ళు వద్దనే మనిషిని నా సర్వీసులో ఇప్పుడే చూస్తున్నా," అన్నాడు డ్రైవరు. గొట్టం ఊడదీసుకుని బండెక్కాడు. ఆ బండిమీద, ఆ పేరు తెలియని పెద్ద శాఖల మీద ఉన్న కోపమంతా పెరట్లో వాళ్ళు ఆమె మీదికి తిప్పారు. ఇంత చదివి ఈవిడ చేసిన ఉపకారం ఇదా అని ఒకావిడ మొహం మీదే అంది. ట్యాంకరు సగం నీళ్ళతో, సందు పొడవునా కారుకుంటూ వెళ్ళిపోయింది.

జల్లెడ బావి గట్టు దగ్గరే నిలబడిపోయింది. లోపల అడుగున సిమెంటు పగుళ్ళు, ఒక పాత చెప్పు, ఎవరిదో ప్లాస్టిక్ మగ్గు. ఇన్నాళ్ళూ నీళ్ళ కింద ఉన్నవన్నీ బయటపడ్డాయి.

పిన్ని వచ్చి పక్కన నిలబడి తనూ తొంగిచూసింది.

"అంటే నీళ్ళు లేవని రుజువు చేయడానికి మేం నీళ్ళు లేకుండా ఉండాలి."

"అవును పిన్నీ."

"ఋతువు మారేదాకా."

"నేను రోజూ వస్తాను. సోమవారంనుంచి నాకు పని లేదు."

పిన్ని ఆమెను ఎగాదిగా చూసింది. ఆ చూపులో ప్రేమ ఏమీ లేదు. బరువు మోయగలదా లేదా అని చూసే చూపు అది.

"సరే, ఉందాం," అంది. వెళ్ళి జల్లెడ వదిలేసిన బకెట్లలో ఒలకకుండా మిగిలినదాన్ని తెచ్చి చేతికిచ్చింది. "ముందు ఇది మూడో అంతస్తు ముసలాయనకి ఇచ్చి రా. మెట్ల మీద ఒలికించకు."